లెక్కల అయ్యవారి వ్యాసంలో నేను కొట్టేసిన మాట

యుద్ధం అయిపోయిందని మేమే అచ్చు వేశాం. ఆ తర్వాత కూడా మా పత్రిక నాలుగు పేజీలే. కాగితం మీద కంట్రోలు ఇంకా ఎత్తేయలేదు. నేను తిరుపతిలో ఉండి చిత్తూరు జిల్లా వార్తలు మద్రాసుకు పంపేవాణ్ణి. వారానికో పది రోజులకో ఆఫీసు నుంచి ఒక కార్డు వచ్చేది. అందులో క్షేమసమాచారాలు ఉండేవి కావు. "ఇంకా కురచగా రాయండి" అని మాత్రం ఉండేది.

వారంలో మూడు రోజులు పొద్దున్నే రైలెక్కి పాకాల మీదుగా చిత్తూరు పోయేవాణ్ణి. కలెక్టరు కచేరీ, కోర్టులు, జిల్లా బోర్డు చూసుకొని సాయంత్రం బండికి తిరిగి వచ్చేవాణ్ణి. బెల్లం బండ్లకు పర్మిట్లు కావాలని ఐరాల రైతులు అర్జీ పెట్టుకుంటే అది మూడు పేజీలుండేది. వాళ్ల బాధ మూడు పేజీలకు సరిపడేదే. దాన్ని నేను నాలుగు వరుసలు చేయాలి. మొదట్లో మనసు ఒప్పేది కాదు. పోనుపోను మనసును అడగడం మానేశాను. ఒక వాక్యంలో ఏ మాటైనా రెండోసారి కనిపిస్తే పెన్సిలు దానంతటదే అడ్డంగా గీసేది. నాలుగేళ్లు ఆ పని చేశాక, చేస్తున్నానని నాకు తెలియడం కూడా ఆగిపోయింది.

ఆ చేతితోనే నేను ఒక స్నేహితుడి పదకొండేళ్ల పనికి అడ్డం పడ్డాను.

ఆయన మా వీధిలోనే, నాలుగిళ్ల అవతల ఉండేవాడు. హైస్కూల్లో లెక్కల అయ్యవారు. మా ఇద్దరిదీ ఒకే ఈడు, ముప్పై మూడో ముప్పై నాలుగో. మద్రాసులో ఆనర్సు చదివినప్పుడు అక్కడి ప్రొఫెసరు ఆయన్ను అక్కడే ఉండిపొమ్మన్నాడట. ఇంటి పరిస్థితి అనుకూలించక తిరుపతి వచ్చి బడిలో చేరాడు. పగలంతా త్రిభుజాలు, నిష్పత్తులు చెప్పేవాడు. బడికి పోయేముందు మాత్రం రోజూ రెండు గంటలు తన సొంత లెక్క చేసుకునేవాడు. ఆ రెండు గంటలు ఎవరు పిలిచినా పలికేవాడు కాదు.

నేను చెబుతున్న ఏడు, నవరాత్రుల రోజుల్లో, ఆ ప్రొఫెసరు దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చే జూన్‌లో పరిశోధన శాఖలో ఒక చోటు ఖాళీ అవుతుందనీ, ఈలోగా ఏదైనా గణిత పత్రిక ఆయన వ్యాసం ఒక్కటి తీసుకుంటే తాను గట్టిగా మాట్లాడగలననీ, ఆపైన తాను రిటైరవుతాననీ రాశాడు. అయ్యవారు ఆ ఉత్తరాన్ని నాకు చదివి వినిపించాడు. మడిచి జేబులో పెట్టుకొని, కాసేపాగి మళ్లీ తీసి చదివాడు.

ఆయన చేస్తున్న లెక్క ఏమిటో నాకు అర్థమైనంత వరకు చెబుతాను. ఒక చోటులోని ప్రతి బిందువునూ ఒక నియమం ప్రకారం అదే చోటులోని మరో బిందువుకు పంపుతామనుకోండి. ఆ నియమం ఎక్కడా తెగకుండా మెల్లగా మారేదై, ఆ చోటు కూడా కొన్ని షరతులకు లోబడి ఉంటే, ఏదో ఒక బిందువు కదలకుండా తన చోటికే తాను వచ్చి తీరుతుంది. దాన్ని స్థిర బిందువు అంటారు. అది పాత సంగతి. యుద్ధం రోజుల్లో బయటి దేశంలో ఒకరు దాన్ని ఇంకో మెట్టు ఎక్కించారట. ఒక బిందువుకు జవాబుగా ఒకే బిందువు రానక్కరలేదు, ఒక గుంపు మొత్తం రావచ్చు. అప్పుడు కూడా తనకొచ్చిన గుంపులో తానూ ఉన్న బిందువు ఒకటి దొరుకుతుంది. కాని ఆ రుజువు పొడవు, వెడల్పు, ఎత్తు అని దిక్కులు లెక్కపెట్టగలిగిన చోటికే చెల్లుతుంది. పదకొండేళ్లుగా స్థిర బిందువుల లెక్కలే చేస్తున్న మా అయ్యవారు దాన్ని దిక్కులకు అంతులేని చోటికి తీసుకుపోవాలని కూర్చున్నాడు.

"ఆడ గజం బద్ద గూడా ఉండదప్పా," అన్నాడొక రోజు. "దూరమెంత అని అడిగేదానికి లేదు. దగ్గర అనే మాట ఒకటే ఉంటాది. ఆ ఒక్క మాట పట్టుకొని పోవల్ల."

"దగ్గరంటే ఎంత దగ్గర?" అన్నాను.

"అదే అడగగూడదంటా ఉండా గదప్పా! నీ మాదిరి విలేకరి ఆడికొస్తే ఒక్క దినం బతకడు."

లోపల చేటలో బియ్యం చెరుగుతున్న ఆయన భార్య అందుకుంది. "ఈడ మాత్రం శానా బతకతా ఉండాం! బియ్యం అయిపోతా ఉండాయని మూడు దినాలుగా చెప్తా ఉండా. ఆ మాట దగ్గరికైతే వస్తా ఉండాదన్నా, చెవిలోకి మాత్రం పోవడంలా."

ఆమె నన్ను అన్నా అని పిలిచేది. నవ్వకుండా నవ్వించే మనిషి.

వ్యాసం ఇంగ్లీషులో రాయాలి, టైపు చేసి పంపాలి. బడిలో ఉన్న ఒక్క టైపు మిషను హెడ్మాస్టరు గదిలో తాళం వేసి ఉండేది. నా దగ్గర పాతది ఒకటి ఉండేది. ఆదివారాలు కూర్చొని నేనే చేసి పెడతానన్నాను. లెక్కల గుర్తులు నా మిషనులో లేవు కాబట్టి వాటికి ఖాళీ వదిలితే, తర్వాత ఆయన సిరాతో నింపుకుంటాడని ఏర్పాటు.

ఆయన రాసి తెచ్చిన ప్రతి ముప్పై ఒక్క కాగితాలు. నాసి రకం కాగితం, సిరా అటువైపుకు ఊరేది, అందుకని ఒకవైపే రాశాడు. ఒకటే సంగతిని నాలుగు చోట్ల నాలుగుసార్లు రాసే అలవాటు ఆయనది. లెక్కల వాళ్లంతా అంతేనేమో నాకు తెలియదు. "అప్పా, మాటలు రొంత కురచ చేస్తాను," అన్నాను. "ఇంగ్లీషు నీది, లెక్క నాది. చెయ్," అన్నాడు.

సిద్ధాంతం చెప్పే వాక్యం రెండో పేజీలో ఉండేది. ఒక కాన్వెక్స్ చోటు తీసుకుందాం, అందులోని ప్రతి బిందువుకూ ఒక కాన్వెక్స్ గుంపు జవాబుగా వస్తుందనుకుందాం అని దాని సారాంశం. ఒకే వాక్యంలో ఒకే విశేషణం రెండుసార్లు. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. ఆ రోజు నా కంటికి అది వాక్యంలా కూడా కనిపించలేదు. రెండోది తీసేసి ముందుకు పోయాను. ముప్పై ఒక్క కాగితాలు పద్దెనిమిది పేజీలయ్యాయి. బాగా చేశాననుకున్నాను.

గుర్తులు నింపేటప్పుడు ఆయన ఆ వాక్యం చూశాడు. అయితే ఏళ్ల తరబడి తలలో ఉన్న వాక్యాన్ని కాగితం మీద చదవడు మనిషి. తలలోనే చదువుకుంటాడు. ఖాళీల్లో గుర్తులు పెట్టి, కింద సంతకం చేసి, ఉత్తరాదిన ఉన్న ఒక గణిత పత్రికకు రిజిస్టరు చేశాడు.

రాతప్రతి తిరిగి ఇవ్వబోతే, "వెనకంతా ఖాళీగా ఉండాది గదా, నీకు కాగితం కరువు, వాడుకో," అన్నాడు. వాడుకున్నాను. ఆ ఏడు అందరం అట్లాగే చేసేవాళ్లం. పెళ్లి పత్రికల వెనక, కోర్టు నకళ్ల వెనక వార్తలు రాసి పంపేవాళ్లం. జిల్లా బోర్డు సమావేశం, పుత్తూరు దగ్గర బండి బోల్తా పడటం, వేరుశనగ ధర, ఇవన్నీ నేను ఆయన రుజువు వెనక రాసి మద్రాసుకు పంపాను.

గణిత పత్రిక నుంచి జవాబు చైత్రమాసం చివర వచ్చింది. వ్యాసం కూడా దాంతోనే తిరిగి వచ్చింది. నేను ఆ వారం చిత్తూరులోనే ఉన్నాను, ఒక హత్య కేసు నడుస్తోంది. తిరిగి వచ్చాక అడిగితే, "ఎనక్కొచ్చిందప్పా," అన్నాడు. ఎందుకని అడగబోతే, "తప్పుండాదంట. నాదే," అని గోడ వైపు చూశాడు. ఇంకేమీ అడగలేకపోయాను. ఆయన తనంతట తానే ప్రొఫెసరుకు కార్డు రాసేశాడనీ, తప్పు తనదేనని అందులో ఒప్పుకున్నాడనీ ఆయన భార్య చెప్పింది.

ఆ తర్వాత ఆయనలో వచ్చిన మార్పు వీధిలో అందరికీ కనిపించింది. పొద్దుటి రెండు గంటలు ఆగిపోయాయి. పుస్తకాలు తాడుతో కట్టి పెట్టెలో వేశాడు. బడిలో పిల్లలకు లెక్క చెప్పేముందు కాగితం మీద రెండుసార్లు చేసి చూసుకొని గానీ బోర్డు మీద రాయడం లేదట. అంతకు ముందు చేతిలో సుద్దముక్క తప్ప ఏమీ ఉండేది కాదు.

"ఇద్దరం యాడికన్నా బయల్దేరితే, తాళమేసినానా లేదా అని రైలు గేటు దాకా పోయి ఎనక్కొస్తాడన్నా," అంది ఆమె ఒకసారి. "నిన్న రెండు తూర్లు వచ్చినాడు. మూడోతూరి నేనే ఇంట్లో ఉండి లోపల గడేసుకుంటి. నువ్వు బయటేసినావో లేదో సూసుకో, లోపల మాత్రం నేనేసినా, పో అంటి."

"నవ్వినాడా?"

"నవ్వలా. తలుపు లాగి సూసినాడు."

ఆమె గొంతులో హాస్యం అక్కడితో ఆగిపోయింది. "ఇట్లాటిది ఎట్ల మరిసిపోతిని, నా తల చెడిపోయిందా అని అడగతా ఉండాడు. ఏం మరిసినాడో నాకు తెలియదు. ఏం చెప్పేది?"

నాకూ అప్పటికి తెలియదు.

మే నెలలో కిరసనాయిలు బొత్తిగా దొరకలేదు. ఒక ఆదివారం తెల్లవారగానే మేమిద్దరం చెరొక డబ్బా పట్టుకొని బయల్దేరాం. చంద్రగిరిలో ఇస్తున్నారని మా వీధిలో చెప్పారు. రైలు వేళ దాకా ఆగితే సరుకు అయిపోతుందనుకున్నాం. బస్సు లేదు. బొగ్గుతో నడిచే బస్సు ఒకటుండేది గాని అది నడిచే రోజులకన్నా నిలిచిపోయిన రోజులే ఎక్కువ. నడక మొదలుపెట్టాం. దారి పొడుగునా ఎవరిని అడిగినా, ముందుకు చెయ్యి చాపి, చంద్రగిరి అనే చెప్పారు. మూడు మైళ్లు పోయాక ఎదురుగా ఒక ఎద్దులబండి వచ్చింది. బండిలో ఖాళీ డబ్బాలున్నాయి.

"యాడికప్పా?" అన్నాను.

"తిరుపతికి సామీ. ఆడ కిరసనాయిలు దిగిందంట గదా. మా ఊర్లో అందరూ అదే చెప్తా ఉండారు."

"మీదే ఊరు?"

"చంద్రగిరి పక్కన."

బండి సాగిపోయింది. ఇద్దరం దారి పక్కన కొట్టంలో మజ్జిగ అమ్ముకుంటున్న ముసలామె దగ్గర కూర్చున్నాం. ఆమెనూ అడిగాను.

"ఆ కొసనన్నా ఉంటాది, ఈ కొసనన్నా ఉంటాది," అంది ఆమె చెంబు కడుగుతూ. "నడుమ మాత్రం యాడా లేదు సామీ."

"ఇన్ని తెలిసినదానివి, నీ కాడ లేదా?"

"నా కాడుంటే మిమ్మల్ని అడగనిచ్చేదాన్నా? మీరొచ్చే లోపలే అమ్మేసుందును."

అయ్యవారు చెంబు నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు. ఆమె వైపు, దారికి అటువైపు, ఇటువైపు చూశాడు. నెల రోజుల తర్వాత ఆయన ముఖంలో ఏదో కదిలింది.

"వాళ్లు రాసింది ఇదేనప్పా," అన్నాడు.

"ఎవరు?"

"పత్రికోళ్లు. మూడు వరసల్లో రాసినారు. సూడు, ఈ దోవ మింద ఒక్కో మనిషి ఒక్కో బిందువనుకో. కిరసనాయిలు యాడుండాదంటే ఆ మనిషి చెప్పే చోట్లన్నీ ఆ బిందువుకొచ్చే గుంపు. తిరుపతి పక్కనోళ్లంతా చంద్రగిరి అంటారు. చంద్రగిరి పక్కనోళ్లంతా తిరుపతి అంటారు. నట్టనడుమ ఉండే ఈయమ్మకు రెండు పక్కల మాటా చెవిలో పడతాది గాబట్టి రెండూ చెప్పవల్ల. చెప్పింది గదా?"

"చెప్పింది."

"నేను నిలబడిన చోటే ఉండాదని చెప్పినోళ్లు ఒక్కరన్నా ఉండారా?"

"ఉంటే ఇంత దూరం నడుస్తామా?"

"అంటే స్థిర బిందువు లేదు. నా సిద్ధాంతం ఉంటాదని చెప్తా ఉండాది. కాబట్టి తప్పు."

ముసలామె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "కిరసనాయిలికి ఇంత సదువు కావల్లా సామీ?" అంది.

"మరి తప్పు కాకుండా ఉండాలంటే ఏం చేయాల?" అన్నాను నేను. ఊరికే మాట కలపడానికి అడిగాను.

"రెండు కొసలూ చెప్పినప్పుడు, ఆ కొస నుంచి ఈ కొస దాకా నడుమ చోట్లన్నీ గూడా ఈయమ్మ చెప్పుండవల్ల. అప్పుడు ఈ కొట్టం గూడా అందులోకి వస్తాది, స్థిర బిందువు దొరుకుతాది. గుంపులో యే రెండు చోట్లు తీసుకున్నా నడుమ ఖాళీ ఉండగూడదు. దాన్నే కాన్వెక్స్ అంటారు. చోటు కాన్వెక్సయితే సాలదప్పా, వచ్చే ప్రతి జవాబూ కాన్వెక్స్ కావల్ల. ఆ రెండో కాన్వెక్స్ లేకుంటే ఈ లెక్కే లేదు. పదకొండేళ్లు చేసి, సిద్ధాంతంలో అదే రాయకుండా ఇడిసిపెట్టినా నేను. ఆరో పేజీలో మాత్రం అది ఉండాదనుకొని వాడుకుంటా పోయినా. తన షరతు ఏందో తనకే అర్థం కానోడు రాసిన వ్యాసం అని రాసినారు. అది చదివినాక ఇంకేముండాది?"

నా చేతిలో మజ్జిగ చెంబు ఉంది. రెండో పేజీ నాకు కళ్ల ముందు కనిపించింది. పెన్సిలు గీత కూడా కనిపించింది.

ఆ క్షణంలోనే చెప్పాల్సింది. చెప్పలేదు. చంద్రగిరి దాకా నడిచాం. కొట్టు ముందు పలక వేలాడుతోంది. స్టాకు లేదు, తిరుపతిలో విచారించండి. అయ్యవారు దాన్ని చదివి నా భుజం మీద చెయ్యి వేశాడు, నన్ను ఓదార్చడానికి. మధ్యాహ్నం రైలుకు ఖాళీ డబ్బాలతో తిరిగి వచ్చాం.

పదకొండు రోజులు నోరు విప్పలేదు. పని ఉందన్నది సాకు. ఉన్న సంగతి ఏమిటంటే, ఆయనకు ముఖం చూపించలేకపోయాను. అప్పుడు ఒప్పుకున్నా వ్యాసం మళ్లీ పంపి, జూన్ లోపల జవాబు తెప్పించడం జరిగే పని కాదని నాకు నేనే చెప్పుకొనేవాణ్ణి. ఈలోగా ప్రొఫెసరు కార్డు వచ్చింది. ఆ చోటు ఇంకొకరికి ఇచ్చారు. ఆ కార్డు సంగతి విన్నాక ఇక ఉండలేక, చిత్తూరు రైలు దిగి నేరుగా వాళ్లింటికే పోయాను. ఆయన వాకిట్లో కూర్చొని ఉన్నాడు. ఆమె గుమ్మంలో ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రెండో కాన్వెక్స్ నువ్వు రాశావు, నేను కొట్టేశాను.

ఆయన నా వైపు తిరిగాడు. తర్వాత చిన్నగా నవ్వాడు.

"నువ్వు మంచోడివప్పా," అన్నాడు.

"మంచితనం కాదు, నేనే చేసినా."

"నన్ను ఊరడించేదానికి చెప్తా ఉండావు. దోవలో నేనే నీకు అంతా చెప్పినా గదా. దాన్ని పట్టుకొని ఇంత దూరం అల్లినావు. మజ్జిగ కొట్టం కాడ ఎందుకు చెప్పలా నువ్వు?"

రెండో పేజీ, పెన్సిలు గీత అని మళ్లీ మొదటి నుంచి చెప్పబోయాను.

"సరే, నేను రాసిన కాగితం సూపీ," అన్నాడు. "ఆ మాటుంటే ఒప్పుకుంటా."

ఆ కాగితం మద్రాసులో ఉంది. దాని వెనక ఏ వార్త రాశానో కూడా గుర్తులేదు. ఆఫీసుకు ఉత్తరం రాశాను. మూడో రోజు జవాబు వచ్చింది: పాత ప్రతులు నెలనెలా చిత్తు కాగితాల వాడికి వేసేస్తాం, ఈ వారం వార్తలు ఆలస్యమయ్యాయి, గమనించండి. ఇంట్లో చిత్తు పుస్తకాల్లో చూడమన్నాను ఆయన్ను. వాటిలో ఆయన షరతులు రాసుకోడు, లెక్క మాత్రమే రాస్తాడు. షరతులు తలలో ఉంటాయి. ఆ తలనే ఆయన నమ్మడం లేదు. నేను ఎంత గట్టిగా చెబితే అంత ఎక్కువగా జాలి పడ్డాడు నా మీద. ఇరవై మంది సాక్షుల మాటలు కోర్టులో రాసుకున్నవాణ్ణి, నా మాట ఒక్కటి ఒప్పించలేకపోయాను.

నమ్మింది ఆమె ఒక్కతే. "ఈయన ఉప్పు మరిసిపోతాడు, పప్పు మరిసిపోతాడు, నన్ను పుట్టింట్లో ఇడిసొచ్చి ఆ సంగతే మరిసిపోతాడు. లెక్క మరిసిపోయినాడంటే నేనొప్పను," అంది. "మద్రాసు లేకపోతే మానె. ఇంగొకతూరి మిషను మింద కొట్టించు. అన్న కొడతాడు, నువ్వు పక్కన కూసోని చెప్పు. ఆ రెండో మాట రాసి పంపు. ఆమైన పెట్టె మూసుకుంటావో, తెరుసుకుంటావో నీ ఇష్టం."

ఆమె మాట తీసేయలేక ఒప్పుకున్నాడు. ఆసక్తి ఏమీ లేదు.

బడి తెరిచే ముందు ఒక ఆదివారం మిషను వాళ్లింటికే తీసుకుపోయాను. ఆయన పక్కన కూర్చొని చెప్పుకుంటూ పోయాడు, నేను కొట్టుకుంటూ పోయాను. రెండో పేజీలో ఆ వాక్యం వచ్చినప్పుడు ఇద్దరం ఆగాం. రెండు కాన్వెక్స్‌లూ ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ కొట్టాను. ఆయన తల ఊపాడు. మూడో పేజీ, నాలుగో పేజీ. ఉక్కపోత. ముందు రోజంతా చిత్తూరులో ఎండలో తిరిగి ఉన్నాను, కళ్లు మండుతున్నాయి. ఆయన గొంతు ఒకే తీరుగా సాగుతోంది, నా వేళ్లు దాని వెనకే పోతున్నాయి. ఐదో పేజీ సగంలో ఆ గొంతు ఆగింది.

"ఇప్పుడు నేనేం చెప్పినా?" అన్నాడు.

"క్లోజ్డ్ సెట్."

"ఇంగొకతూరి చెప్పు."

"క్లోజ్డ్ సెట్ అన్నావప్పా. అదే కొట్టినా."

"క్లోజ్డ్ కాన్వెక్స్ సెట్ అన్నాను నేను."

"లేదప్పా," అన్నాను. "నువ్వనలా. అంటే కొట్టుందును గదా."

నిజంగా అట్లాగే అనుకున్నాను. ప్రమాణం చేయమన్నా చేసేవాణ్ణి.

వంటింట్లోంచి ఆమె గొంతు వినిపించింది. "అన్నాడన్నా. నేను విన్నా. అర్థం గాకపోయినా వినపడతాది గదా. పై వరసలోనూ అదే అన్నాడు, ఈ వరసలోనూ అదే అన్నాడు."

కాగితం చూశాను. పై వరుసలో కాన్వెక్స్ ఉంది. కింది వరుసలో లేదు. నా చెవి దాన్ని విననేలేదు. నా చేతులు మిషను మీదే ఉండిపోయాయి.

అయ్యవారు లేచాడు. పెరట్లోకి పోయి, తొట్టిలో నీళ్లు ముఖాన చల్లుకొని తిరిగి వచ్చాడు. ముఖం తుడుచుకోలేదు. అంత కోపం ఆయన ముఖంలో నేను ఎన్నడూ చూడలేదు.

"నెలన్నర దినాలు," అన్నాడు. "నెలన్నర దినాలు నాకు పిచ్చి పట్టిందనుకొని తిరిగినాను. పిల్లోళ్ల ముందర లెక్క చేసేదానికి రెండుతూర్లు కాగితం మింద సూసుకున్నా. మద్రాసుకు నా చేత్తో రాసినా, తప్పు నాదేనని. ఇదా నువ్వు చేసింది?"

"ఇదే," అన్నాను.

"చెవుడా నీకు? కళ్లు లేవా? ఒక మాట రెండుతూర్లు చెప్పినానంటే రెండుతూర్లు కావల్లని గదప్పా చెప్పేది! ఎవురిచ్చినారు నీకు ఆ పెన్సిలు?"

ఇంకా చాలా అన్నాడు. మా వృత్తినీ, మా ఎడిటరునూ, నాలుగు పేజీల పత్రికనూ వదిలిపెట్టలేదు. వీధిలో ఎవరో ఆగి చూశారు. ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది, ఆపలేదు. నేను తల వంచుకొని విన్నాను. అన్నీ నిజమే కాబట్టి చెప్పుకోవడానికేమీ లేదు. ఆయన అట్లా అరుస్తుంటే నాకు సిగ్గుతో పాటు, ఎన్నో రోజుల తర్వాత, ఊపిరి కూడా అందింది. జాలి పడుతూ ఆయన నా భుజం మీద వేసిన చెయ్యి అంతకన్నా బరువుగా ఉండింది.

అరవడం అయిపోయాక మంచం కిందనుంచి పెట్టె లాగాడు. తాడు ముడి విప్పడానికి ఓపిక లేక కత్తిపీట మీద కోసేశాడు. పుస్తకాలు నేల మీద పరుచుకొని, నావైపు చూడకుండా అన్నాడు: "నువ్వు లేసి పో అబ్బా. మిషను ఆడే పెట్టు. నేనే కొట్టుకుంటా."

"నీకు కొట్టేది రాదు గదప్పా."

"ఒక్క వేలితో కొట్టుకుంటా. నా వేలికి ఏం తీసెయ్యల్లనో తెలియదు."

ఆ వారం చిత్తూరు వార్తలన్నీ చేత్తో రాసి పంపాను. అక్షరాలు తెలియడం లేదని ఆఫీసు నుంచి కార్డు వచ్చింది. ఐదో రోజు పొద్దున, రైలు వేళకు ముందు, మిషను అడుగుదామని వాళ్లింటికి పోయాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఒక్కొక్క అక్షరమే, ఆగి ఆగి, పడుతున్న చప్పుడు. ఆమె చీపురు పట్టుకొని వాకిట్లోనే ఉంది. నన్ను చూసి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడు పిలిస్తే పలకడన్నా," అంది. "రెండు గంటలు ఎవురినీ రానీగూడదన్నాడు. ఏడో పేజీలో ఉండాడు."